మూడో లైనులో చుక్కలు

నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. నేను చెప్తుంటే మా పాప రాస్తోంది. మధ్యలో ఆపి, ‘అమా, ఆ తిట్టు తీసేద్దాం’ అంటుంది. కొన్ని తీయనిచ్చాను. అన్నీ తీస్తే ఆ ఎండాకాలం గురించి చెప్పడానికి మాటలే మిగలవు. నా గొంతు ఇట్లా గరగరలాడేది కూడా ఆ ఎండాకాలం అరిచిన అరుపుల వల్లే. సగం మనుషుల మీద అరిచాను. మిగతా సగం గోడ గూట్లో పెట్టిన తెల్ల డబ్బా మీద అరిచాను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. ఊరు ఒకటే గానీ వీధులు రెండు, మా వీధి, ఎగువ వీధి. మధ్యలో సిమెంటు రోడ్డు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ రోడ్డు దాటి అవతల ఎవరి గడపా తొక్కలేదు. వాళ్ళూ మా గడప తొక్కలేదు. పెళ్ళికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు. ఒక ఎన్నికల ఏడు మా ఇంటి మీద నాటు బాంబు వేస్తే చెక్క తలుపు చీలిపోయింది. మా ఆయన ప్రొద్దుటూరు పోయి ఇనుప తలుపు చేయించుకొచ్చాడు. దాన్ని మూయాలంటే భుజం ఆనించి తోయాలి. తలుపు పక్కన గోడలో కంటికి సరిపోయే కంత ఒకటి తొలిపించాడు. మా వీధిలో అందరి ఇళ్ళకూ అట్లాంటి కంతలు ఉండేవి. పొద్దు వాలాక బయట నుంచి ఎవరు పిలిచినా పలకకూడదు. ముందు కంతలో కన్ను పెట్టి చూడాలి. మనవాళ్ళయితే తీయాలి. కాకపోతే ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టి ఉండాలి. చంటిపిల్లలకు కూడా అది నేర్పేవాళ్ళం.

తలుపు ఇంటిని కాపాడింది. ఆయన్ను మాత్రం జమ్మలమడుగు నుంచి వస్తుంటే దారిలో చంపేశారు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడా గొడవలు లేవు. రెండు వైపుల పెద్దలూ పార్టీలు మారి మారి, చివరికి ఒకే పార్టీలో తేలారు. ఒకే కారులో కూర్చుని పులివెందులకు పోతారు, వస్తారు. అయిపోయిందని వాళ్ళు వాళ్ళు అనుకున్నారు. కింద ఉన్న మా దగ్గరికి వచ్చి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అందుకని మేం పాత పద్ధతిలోనే ఉండిపోయాం.

మా పాప ఇడుపులపాయలో చదివింది. బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంప్యూటరు ముందు చెవులకు ఫోను తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళ కష్టాలో విని సమాధానం చెప్పే పని. అల్లుడు కువైట్‌లో డ్రైవరు. పాప కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. బిడ్డ పాలు మరిచేదాకా ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు. మాట మధ్యలో తెగకూడదు.

తెగింది. మొదటి వారం నుంచే తెగింది.

ఆ వైరు మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి. మా ఊళ్ళో నెట్టు వైర్లు చూసే మనిషి ఎగువ వీధి వాడు. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. వాడి చిన్నాయన పేరు మా ఆయన కేసులో ఉండింది. వాడు అప్పటికి నిక్కరేసుకుని తిరిగే పిల్లోడు, వాడికేమీ తెలియదు. అయినా వాడు ఆ ఇంటివాడే. స్తంభం మీద నుంచి వైరు లాక్కొచ్చి, బయట గోడకు ఒక చిన్న జాయింటు డబ్బా బిగించి, లోపలికి రాబోయాడు. మా మరిది గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన పోయినప్పటి నుంచి ఈ ఇంటికి మగదిక్కు తనే అని మా మరిది నమ్మకం.

“ఆడ్నే నిలబడప్పా.”

“లోపల డబ్బా పెట్టాల గదన్నా.”

“డబ్బా ఇట్టియ్యి. మాకు సేతుల్లేవా? మేం పెట్టుకుంటాం.”

“వైరు యాడంటే ఆడ వంచితే పనికిరాదన్నా. లోపల గాజు పోగు ఉంటాది, దాంట్లో వెలుతురు నడుస్తాది.”

“గాజులు మా ఇంట్లో ఆడోళ్ళు ఏసుకుంటాండ్రులే. నువ్వు పో.”

వాడు డబ్బా, వైరు చుట్ట గడప మీద పెట్టి పోయాడు. మా మరిది అరగంటలో పని అయిపోయిందనిపించాడు. గోడ మూరెడు మందం బండ. తొలవడం మా మరిది వల్ల కాదు. గడప రాతికీ ఇనుప తలుపుకీ మధ్య ఉన్న సందులో నుంచి వైరు దూర్చి, గోడ వెంబడి లాగి, గూట్లో డబ్బా పెట్టాడు. పచ్చ లైట్లు వెలిగాయి. “సూసినావా ఒదినా, దీనికి వాడెందుకంట!” అని మీసం తిప్పాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నెమ్మది లేదు.

పాప పనికి కూర్చునే ముందు, బయట మేకల అరుపు వినపడకుండా నేను తలుపు మూసేదాన్ని. కాసేపటికి లోపలి గది నుంచి, “హలో, హలో, వినిపిస్తోందా” అని మొదలయ్యేది. అవతలి మనిషి మాట ముక్కలు ముక్కలుగా వచ్చేదట. మధ్యలో పూర్తిగా ఆగిపోయేది. పాప గదిలో నుంచి పరుగెత్తుకొచ్చి డబ్బా ఆర్పి వెలిగించేది. నేను దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు వేసేదాన్ని. బిడ్డ లేచి ఏడ్చేది. సెల్లులో నెట్టు పెట్టుకుందామంటే మా పల్లెలో అది మిద్దె ఎక్కితేనే అందుతుంది. ఆ ఎండలో బండల మీద చంటిబిడ్డ తల్లిని కూర్చోబెట్టలేను కదా. ఒకరోజు కూర్చుంది కూడా. సాయంత్రానికి జ్వరం తగిలింది.

కంపెనీలో పాప మీద అధికారిగా ఒక పెద్దామె ఉంది, నెల్లూరు మనిషి. మంచిదే గానీ కచ్చితం. ఆమె ఫోను చేసి చెప్పేసింది. నెలాఖరు సోమవారం మధ్యాహ్నం తనూ, తన పైవాళ్ళూ కలిసి కంప్యూటరులో పాపతో మాట్లాడతారు. ఆ లోపల లైను బాగు పడకపోతే బెంగుళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి, లేదంటే ఉద్యోగం మానుకోవాలి. పాలు తాగే బిడ్డను వదిలి పోయేది ఎట్లా, ఎత్తుకుని పోతే అక్కడ చూసేవాళ్ళు ఎవరు? ఫోను పెట్టేసి పాప గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

అప్పటి నుంచి అది కంప్యూటరులో ఏవేవో పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది ముల్లు పరీక్ష. తెర మీద బస్సు మీటరులాంటిది వస్తుంది, ముల్లు సర్రున పైకి పోతుంది. సాయంత్రం పని అయ్యాక, తలుపు బార్లా తీసి, నేను బియ్యం ఏరుకుంటుంటే నా పక్కన గాలికి కూర్చుని పెట్టేది. ముల్లు చివరిదాకా పోయేది.

“అంతా బాగుండాది గదే?” అన్నాను.

“అదే మా, నాకూ అర్థం కాల్యా. స్పీడు శానా ఉండాది. మాట మాత్రం తెగతాండాది.”

“అట్లయితే ఆ ముల్లు అబద్దం సెప్తాండాది.”

“ముల్లు అబద్దం సెప్పదు మా.”

“మరి నీ ఆఫీసోళ్ళు అబద్దం సెప్తాండారా?”

“నువ్వు బియ్యమేరుకో పో.”

మొన్నటిదాకా నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, నన్ను పో అంది. నేనూ ఊరుకోలేదు. ఆ పూట ఎవరి కంచం వాళ్ళం పెట్టుకుని తిన్నాం.

రెండో పరీక్ష పేరు పింగు. అది నాకు తొందరగానే అర్థమైంది. మనం ‘ఓయ్’ అని పిలుస్తాం, అవతల నుంచి ‘ఆఁ’ అని రావాలి. ఎంత సేపటికి పలికారో పక్కన అంకె పడుతుంది. కొన్నిసార్లు పలుకు వెంటనే వచ్చేది, కొన్నిసార్లు ఆలస్యంగా వచ్చేది, కొన్నిసార్లు అసలు వచ్చేదే కాదు. మేత నుంచి మేకలను పిలిస్తే ఎట్లా వస్తాయో అట్లాగే.

మూడోది అసలు గొడవ తెచ్చిన పరీక్ష. మా ఇంటి నుంచి కంపెనీదాకా మాట ఏ ఏ మిషన్ల మీదుగా పోతుందో వరసగా చూపిస్తుంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, ఒక్కో మిషనుకు ఒక్కో లైను. ఒకటో లైను మా గూట్లో డబ్బా. రెండోది కేబులువాళ్ళ మిషను. మూడో లైనులో అంకెలు లేవు. చుక్క గుర్తులు మూడు పడ్డాయి. ఎన్నిసార్లు పెట్టినా అక్కడ అవే.

మా మరిది అప్పుడే వచ్చాడు. పాప భుజం మీద నుంచి తొంగి చూశాడు.

“ఏంది పాపా ఆ సుక్కలు?”

“ఆ మిషను పలకల్యా చిన్నాయనా. పిలిస్తే జవాబు లేదు.”

“యాడుంటాది ఆ మిషను?”

“నాకేం తెలుసు? ముందు మనిల్లు, తర్వాత కేబులోళ్ళు. ఆ తర్వాత యాడో.”

“యాడో ఏంది! మనిల్లు దాటితే స్తంభం. స్తంభం దాటితే వైరు పోయేది ఎగువ వీధికే గదా. ఆళ్ళ పెద్ద మిద్దె మీద ఇనుప పెట్టె ఒకటి ఉండాది, నేను సూసినా. అదే మూడోది! మనం పిల్చినప్పుడు పలకొద్దని సెప్పి పెట్టినారు నా కొడుకులు.”

చదువుకున్న పిల్ల, కాదని చెప్పాలి. చెప్పలేదు. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్న కారణం దొరికినట్టు దాని మొహం మారిపోయింది. నా సంగతీ అంతే. ఎగువ వీధి అనగానే నాకు ఇంకే లెక్కా అక్కర్లేదు. కష్టానికి ఒక చిరునామా దొరికితే ఒళ్ళు ఎంత తేలికవుతుందో మా వైపు వాళ్ళకు బాగా తెలుసు.

మరునాడు మా మరిది మమ్మల్ని పులివెందుల తీసుకుపోయాడు. అక్కడ మా పార్టీ పెద్దాయనకు ఒక బంగళా ఉంది. ఆ వరండాలో ఊళ్ళన్నీ కూర్చుని ఉంటాయి. ఒకరిది పింఛను, ఒకరిది బదిలీ, లింగాల నుంచి వచ్చిన ముసలాయనది బోరు కరెంటు. మేం కూర్చున్న బెంచీ చివర ఎగువ వీధి మనుషులు ఇద్దరు కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాళ్ళు ఆ గోడ చూశారు, మేం ఈ గోడ చూశాం. మా వంతు వచ్చేసరికి బిడ్డ నా ఒళ్ళోనే తడిపేసింది.

అక్కడ రాసుకునే మనిషి ఒకడున్నాడు. “ఏం పనమ్మా?” అన్నాడు.

“నెట్టు రాల్యా సార్,” అన్నాడు మా మరిది.

“ఎవురు కోసినారు?”

“కొయ్యలేదు సార్. సుక్కలు పడతాండాయి.”

“సుక్కలేందిరా సామీ!”

పాప సంగతి వివరించబోయింది. ఆ మనిషి చెయ్యెత్తి ఆపాడు. “అవన్నీ వద్దు తల్లీ. ఎవురి మనిషి ఆ లైను సూసేది? ఆళ్ళోడా? అట్ల సెప్పు మరి.” వెంటనే జమ్మలమడుగు కేబులు ఆఫీసుకు ఫోను కొట్టి, మనవాళ్ళ పని చూడమని గద్దించాడు. అయిపోయింది. వైరులో ఏం తప్పో అడిగినవాడు లేడు. వైరు ఎవరిదని అడిగారు. ఆ ఎండలో బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది.

ఫోను పని చేసింది. మర్నాడే వైర్ల మనిషి వచ్చాడు. ఈసారి వాడు కూడా మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. పైనుంచి తిట్లు పడి ఉంటాయి. బయట గోడ మీద జాయింటు డబ్బా విప్పి, వైరు కొసను అరచేతిలో పట్టేంత మీటరుకు పెట్టాడు. నేను తలుపు తీసుకుని గడప లోపల నిలబడ్డాను. మా మరిది గడప మీద నిలబడ్డాడు.

“సూడక్కా, మైనస్ పందొమ్మిది. వెలుతురు బాగా వస్తాండాది.”

“మైనస్ అంటే తక్కువ గదా?” అన్నాను.

“అందరికీ మైనస్సే ఉంటాదక్కా. మైనస్ ఎంత పెరిగితే అంత సెడ్డ. ముప్పై దగ్గరికి పోతే ఇంక మాట నిలబడదు. ఈడికి లైను బాగుండాది. లోపల యాడన్నా ఉంటే...”

“లోపలేముంటాది?” మా మరిది గొంతు పెంచాడు. “తప్పు మీ కాడ పెట్టుకోని మా ఇంట్లోకి తోస్తాండావా? మీ పెద్ద మిద్దె మీద పెట్టె సంగతేంది సెప్పు!”

“ఏ పెట్టన్నా?”

“మూడో లైను పెట్టె!”

వాడికి నిజంగా అర్థం కాలేదు. నా వైపు చూశాడు, పాప వైపు చూశాడు. “లోపలికొచ్చి డబ్బా కాడ మీటరు పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతాది,” అన్నాడు నిదానంగా. మా మరిది గడప మీద నుంచి కదల్లేదు. వాడు మీటరు సంచిలో వేసుకుని పోయాడు. వాడు పోయాక నేను తలుపు మూశాను. పాప పనికి కూర్చుంది. మళ్ళీ, “హలో, హలో.”

ఆదివారం మా మరిది నిర్ణయం చెప్పాడు. ఆ వైర్ల వాడు డబ్బానే మంత్రించి ఇచ్చి ఉంటాడు, రేపు పొద్దున ప్రొద్దుటూరు పోయి కొత్త డబ్బా కొనుక్కొస్తానన్నాడు. దానికీ లొంగకపోతే నలుగురిని వెంటేసుకుని పోయి ఆ మిద్దె మీది పెట్టె పగలగొట్టి వస్తానన్నాడు. వెంటేసుకుని పోవడం అనే మాట నేను ఇంతకు ముందు విన్నాను. పోయినవాళ్ళు ఎట్లా వచ్చారో కూడా చూశాను.

ఆ సాయంత్రమే నెల్లూరామె ఫోను చేసింది, రేపటి మాటల గురించి చెప్పడానికి. పాప ఆమెకు నల్ల తెర బొమ్మ పంపి ఉంది. ఫోను గట్టిగా పెట్టింది కాబట్టి నాకూ వినపడింది.

“మూడో లైన్లో స్టార్లు చూసి భయపడ్డావా? అది ఫాల్టు కాదమ్మా. కొన్ని మెషీన్లకి పిలిస్తే జవాబు ఇవ్వద్దని చెప్పి పెడతారు. జవాబు ఇవ్వదు కానీ మాటని ముందుకి పంపిస్తుంది. దాని తర్వాత లైన్లు పలుకుతున్నాయా లేదా?”

“పలుకుతున్నాయి మేడం.”

“మరి అది చచ్చిపోతే అవి ఎలా పలుకుతాయి? ముందు చివరి లైన్ చూడు. అక్కడ కొన్నిసార్లు జవాబు పోతోందా? అలాగైతే ఒక్కో లైన్ వెనక్కి రా. ఏ లైన్ నుంచి పోవడం మొదలై చివరిదాకా పోతూనే ఉందో, తప్పు దానికీ దాని పై లైన్‌కీ మధ్య ఉన్నట్టు.”

ఫోను పెట్టాక పాప నన్ను చూసింది. “అర్థమయ్యిందా మా?”

అర్థమైంది. ఇంత బాగా ఇంకెవరికి అర్థమవుతుంది? పొద్దు వాలాక పిలిస్తే మా ఇల్లు పలికేదా? ఇంట్లో నేనున్నాను, ఆయన ఉన్నాడు, బిడ్డ ఉంది, పొయ్యి మీద సంగటి ఉంది. బయటివాడికి మాత్రం చుక్కలే. మూడో మిషను మాలాంటిదే అన్నమాట. దాని మీద మేం వారం రోజులు పగ పెంచుకున్నాం.

పాప తలుపు మూయించి, మళ్ళీ పరీక్ష పెట్టింది. ఈసారి కింది నుంచి పైకి వేలు పెట్టి చదివింది. చివరి లైనులో జవాబు పోతోంది. దాని పైదాంట్లో పోతోంది. దాని పైదాంట్లో. రెండో లైనులోనూ పోతోంది. ఒకటో లైను, గూట్లో డబ్బా, ఒక్క పిలుపూ వదలకుండా పలుకుతోంది.

“అంటే?” అన్నాను.

“అంటే తప్పు ఎగువ వీధిలో లేదు మా. మన డబ్బాకీ కేబులోళ్ళ మిషనుకీ మధ్యలో ఉండాది. ఈ వైరులో ఉండాది.”

“ఆ మనిషి గడప కాడ బాగుండాదనె గదా.”

“గడప కాడే గదా సూసినాడు.”

ఇద్దరం గడప వైపు చూశాం. ఇంక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. పాప బిడ్డను జోకొడుతూ, “నువ్వు ఒద్దంటే ఆ మనిషిని నేను లోపలికి పిలవను మా. నీ ఇల్లు,” అంది. ఆ మాట నాకు తిట్టులాగా తగిలింది. ఆయన ఫొటో గోడ మీద ఉంది. అంతా నా మీదికి వదిలేసి ఆయన అక్కడ కూర్చున్నాడు. ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు నాకు.

సోమవారం పొద్దున్నే మా మరిది ప్రొద్దుటూరు బస్సెక్కాడు. బస్సు మలుపు తిరగగానే నేను పాపను చూసి, “చెయ్యి ఫోను,” అన్నాను.

వాడు వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, అలవాటుగా అక్కడే ఆగిపోయాడు. మీటరు సంచి భుజానికి అలాగే ఉంది.

“లోపలికి రా,” అన్నాను.

వాడు రోడ్డు వైపు ఒకసారి తిరిగి చూశాడు. “నిజంగా రమ్మంటాండావా అక్కా?”

“బిర్నా రాప్పా. మనసు మార్చుకుంటానేమో.”

వాడు వంగి, గడప తాకకుండా దాటి, లోపలికి వచ్చాడు. ఎదురుగా గోడ మీద ఆయన ఫొటో. వాడు చూశాడు. తల దించుకుని గూటి దగ్గరికి పోయాడు. వాడు ఏదైనా అని ఉంటే వెళ్ళిపొమ్మనేదాన్ని.

డబ్బా వెనక నుంచి వైరు ఊడదీసి మీటరుకు పెట్టాడు. “మైనస్ ఇరవై. బాగుండాది,” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసి లోపలికి పిలిస్తే ఇక్కడా బాగుందట!

“బాగుంటే మరి మాట యాల తెగతాండాది?”

“ఎప్పుడు తెగతాదక్కా?”

“పాప పనికి కూకున్నప్పుడు.”

“కూకున్నప్పుడు ఏం చేస్తారు?”

“ఏం చేస్తాం? తలుపేసుకుంటాం.”

వాడు మీటరు చేతిలోనే పట్టుకుని తలుపు వైపు తిరిగాడు. “ఒకసారి ఎయ్యక్కా.”

నేను భుజం పెట్టి తోశాను. ఇనుప తలుపు గడప రాతి మీద కూర్చుంది. వాడు మీటరు పాపకు చూపించాడు. మైనస్ ఇరవై తొమ్మిది. “తియ్యక్కా.” తీశాను. ఇరవై. “ఎయ్యి.” ఇరవై తొమ్మిది. పాప గబగబా వచ్చి గడప దగ్గర కూర్చుంది. తలుపు అంచు కింద వైరు చదునుగా నలిగి, తెల్లగా తేలి ఉంది. మా మరిది సందులో దూర్చిన చోటే. తలుపు తీస్తే వెలుతురు లోపలికి నడుస్తుంది, మూస్తే గొంతు పిసికినట్టు ఆగుతుంది. ముల్లు పరీక్ష తలుపు తీసిపెట్టి చేశాం. వీడు మొదట మీటరు పెట్టింది తలుపు బయట, ఇవాళ లోపల పెట్టినప్పుడు తలుపు తీసి ఉంది. పని చేసేటప్పుడు మాత్రం మూసుకుని కూర్చున్నాం. మా ఇంట్లో తలుపు మూయడం అనేది ఒక పని కిందే లెక్క కాదు. ఊపిరి పీల్చినట్టు మూస్తాం. దాన్ని ఎవరు అనుమానిస్తారు?

నాకు నవ్వు రాలేదు. పులివెందుల బస్సు, మిద్దె మీద జ్వరం, ఆ నలుగురిని వెంటేసుకుపోయే మాట, అన్నీ ఆ తలుపు కిందే నలిగి కనిపించాయి. కాలితో ఆ తలుపును తన్నాను. కాలే నొప్పి పుట్టింది.

“కొత్త వైరు ఏస్తా,” అన్నాడు వాడు. “తలుపు కింద నుంచి మాత్రం కుదరదు. ఈ గోడ తొలవాలంటే పెద్ద మిషను కావాల. జమ్మలమడుగు నుంచి తెప్పిస్తే రేపు సాయంత్రమైతాది.”

“మధ్యానమే మీటింగు,” అంది పాప.

వాడి కళ్ళు తలుపు పక్కకు పోయాయి. కంతను చూశాడు. అది ఎందుకో ఎగువ వీధిలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ ఇళ్ళకూ ఉంటాయి. అడగలేక ఆగిపోయాడు.

ఆ కంత అంచు రాయి నా చెంప రాసుకుని రాసుకుని నున్నబడింది. ఆయన చివరిసారి వెళ్తుంటే అందులో నుంచే చూశాను. ఇప్పటికీ ఎవరు తలుపు తట్టినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

“అందులో ఏసెయ్,” అన్నాను.

“మళ్ల సూసేకి వీలుండదక్కా. వైరు కదలకుండా సిమెంటు పెట్టాల.”

“సెప్తాండా గదా. ఎయ్యి.”

వాడు ఒళ్ళు వంచి పని చేశాడు. కొత్త వైరు కంతలో దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తాడు. తలుపు మూయించి మీటరు చూపించాడు. పందొమ్మిది. పాప పింగు పెట్టింది. వరసగా పలుకులు, ఒక్కటీ పోలేదు. మూడో లైనులో చుక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఉండనీ. వాడికి మజ్జిగ ఇచ్చాను. గడప బయట నిలబడి తాగి, లోటా కడిగి ఇచ్చి పోయాడు.

మధ్యాహ్నం పాప చెవులకు ఫోను తగిలించుకుని కూర్చుంది. నేను తలుపు మూసి, బిడ్డను ఒళ్ళో వేసుకుని గూటి కింద కూర్చుని పచ్చ లైట్లనే చూస్తున్నాను. లోపల నెల్లూరామె గొంతు, ఇంకెవరివో ఇంగ్లీషు గొంతులు. పాప జవాబులు చెప్తోంది. హలో హలోలు లేవు.

అంతలో తలుపు దబదబా మోగింది.

లేచి కంత దగ్గరికి పోయాను. కన్ను పెడితే చెంపకు తడి సిమెంటు తగిలింది. బయట ఎవరో తెలియదు. మళ్ళీ మోగింది. ఆగితే ఆ మోత పాప మాటల్లో పడుతుంది. చూడకుండా తలుపు తీశాను. కాపురానికి వచ్చాక బయట ఎవరున్నారో తెలియకుండా తలుపు తీయడం అదే మొదలు.

మా మరిది. చంకలో కొత్త డబ్బా, మొహం నిండా చెమట. “ఒదినా! వాణ్ని లోపలికి రానిచ్చినావంట! ఊరంతా...”

చేత్తో వాడి నోరు మూశాను. “గమ్మునుండు,” అన్నాను చెవిలో. “పాప మీటింగులో ఉండాది.”

వాడు నా చెయ్యి తోసేశాడు. గొంతు మాత్రం దిగింది. “మా అన్న ఫొటో ముందర్నుంచి నడిపించినావా?” గుసగుసలాడాడు.

“నడిపించినా.”

“సిగ్గులేదా?”

“తలుపు కింద వైరు పెట్టింది ఎవురు?” నేనూ గుసగుసలాడాను. “సూడు పో, ఆడ పడుండాది. నలిగిపోయి.”

వాడు వంగి పాత వైరు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నలిగిన చోట వేలితో తడిమాడు. తర్వాత తలుపు పక్కకు చూశాడు. కంత ఉండాల్సిన చోట సిమెంటు. లోపల నుంచి పాప నవ్వు వినపడింది, ఆఫీసు నవ్వు. దాని వెనక నెల్లూరామె గొంతు, “ఈ రోజు నీ లైన్ చాలా క్లియర్‌గా ఉంది, ఇలాగే ఉంటే అక్కడి నుంచే చేసుకో.”

మా మరిది గడప మీద కూర్చుండిపోయాడు. “ఈ కొత్త డబ్బాను ఏం చేసేది మరి?” అన్నాడు గుసగుసగా.

“వాపసు ఇచ్చిరా పో.”

“అంగడోడు వాపసు తీసుకోడంట.”

“అట్లయితే నీ ఇంట్లో పెట్టుకో. వైరు ఏసేకి మాత్రం వాణ్నే లోపలికి పిల్చుకో.”

వాడు నా వైపు కొరకొరా చూసి, డబ్బా చంకలో పెట్టుకుని మేకల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. నేను తలుపు మూశాను. అలవాటుకు కన్ను మళ్ళీ కంత దగ్గరికి పోయింది. ఇప్పటికీ పోతుంది. ఆ చోట సిమెంటు చల్లగా తగులుతుంది, తిట్టుకుని వెనక్కి వస్తాను. తలుపు తీస్తే గానీ బయట ఎవరో తెలియడం లేదు నాకు.